ఏ పూటకు ఏ యాంటెనా

డాబా మీద రెండో యాంటెనా ఎక్కిన రోజున హ్యామ్ రేడియోలో అసలు చదువు మొదలవుతుంది. ఒక్క తీగే ఉన్నంతకాలం పని తేలిక. వినపడితే మాట్లాడతాం, వినపడకపోతే ఆకాశం బాగాలేదని ఊరుకుంటాం. రెండోది వచ్చాక ఆ మాట చెల్లదు. అవతలి మనిషి వినపడనప్పుడు లోపం ఆకాశానిదో, మనం ఎంచుకున్న తీగదో తేల్చుకోవాలి. రేడియో పక్కన కూర్చునే చిన్న స్విచ్చు ఆ బాధ్యతను మన చేతిలో పెడుతుంది. దాన్ని కొని బిగించడం ఒక పూట పని. ఎప్పుడు తిప్పాలి, ఎప్పుడు తిప్పకూడదు, రేడియో కట్టేసి లేచేటప్పుడు ఏ స్థానంలో వదిలిపెట్టాలి అన్నవి ఒంటబట్టడానికి నెలలు పడుతుంది. ఈ మూడింట్లో వదిలిపెట్టే స్థానానికే నేను ఎక్కువ విలువ ఇస్తాను. ఎందుకో చివర తీరిగ్గా చెబుతాను.

మీరు పెద్దాపురంలో ఉంటున్నారని అనుకుని రాస్తున్నాను. రెండంతస్తుల డాబా, పైన నీళ్ళ ట్యాంకు, పెరట్లో రెండు కొబ్బరిచెట్లు. ఊరి అంచున పాండవుల మెట్ట, ఆగ్నేయాన సుమారు 20 కిలోమీటర్ల దూరంలో కాకినాడ. పరీక్ష పాసై రిస్ట్రిక్టెడ్ గ్రేడు లైసెన్సు తెచ్చుకున్నారు, వీయూ3తో మొదలయ్యే కాల్‌సైన్ వచ్చింది, 50 వాట్ల రేడియో బల్ల మీద ఉంది. అది హైదరాబాదులో అష్హర్ ఫర్హాన్, వీయూ2ఈఎస్ఈ, రూపొందించిన బిట్ఎక్స్ కుటుంబపు రేడియో అయితే పవరు ఇంకా తక్కువ. దాని వెనక యాంటెనాకు ఉండేది ఒకే ఒక్క సాకెట్టు. ఆ ఒక్క సాకెట్టుకూ డాబా మీది మూడు నాలుగు యాంటెనాలకూ మధ్య ఏం ఉండాలన్నదే ఇప్పుడు మన పని.

ముందు దిక్కులు తెలియాలి

స్విచ్చు కొనేముందు ఒక గ్లోబూ, ఒక దారమూ తెచ్చుకోండి. దారం ఒక కొసను పెద్దాపురం మీద, అంటే దాదాపు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 82 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర, వేలితో అదిమిపెట్టి రెండో కొసను మీరు మాట్లాడదలచుకున్న ఊరి దాకా బిగించి లాగండి. గోడ మీద వేలాడే పటం నేర్పనిది ఆ దారం నేర్పుతుంది. పటంలో అమెరికా మనకు పడమట ఉంటుంది. దారం లాగి చూస్తే మన తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండే న్యూజెర్సీ ఉత్తరానికి కాస్త పడమరగా, దిక్సూచి లెక్కలో 340 డిగ్రీల దగ్గర, ఉంటుంది. మన ఢిల్లీ కూడా సరిగ్గా అదే 340 డిగ్రీల మీదే ఉంది! ఢిల్లీ వైపు పంపిన తరంగం ఆగకుండా సాగిపోతే న్యూజెర్సీ చేరుతుందన్నమాట. డాలస్ అయితే నేరుగా ఉత్తరాన, ధ్రువం మీదుగా అవతలి వైపు ఉంది. కాలిఫోర్నియా ఉత్తరానికి కాస్త తూర్పుగా పడుతుంది. కోనసీమ నుంచి వేలమంది వెళ్ళిన కువైట్ పడమటికి కాస్త ఉత్తరంగా ఉంటుంది. హైదరాబాదు నేరుగా పడమర, చెన్నై దక్షిణానికి కొద్దిగా పడమర, విశాఖ ఈశాన్యం. అండమాన్‌లోని పోర్ట్‌బ్లెయిర్ ఆగ్నేయంలో దాదాపు 1,300 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఆస్ట్రేలియాలోని సిడ్నీ కూడా ఇంచుమించు ఆ దిక్కునే.

డైపోల్ యాంటెనా తన తీగకు అడ్డంగా రెండు పక్కలకూ బలంగా పంపుతుంది. తీగ కొసల వైపు బలం తగ్గుతుంది. తూర్పు పడమరలుగా కట్టిన తీగ ఉత్తర దక్షిణాలను, అంటే ఢిల్లీని, అమెరికాను, చెన్నైని, శ్రీలంకను చూస్తుంది. ఉత్తర దక్షిణాలుగా కట్టినది హైదరాబాదును, గల్ఫ్‌ను, అండమాన్‌ను చూస్తుంది. 14 మెగాహెర్ట్జ్ బ్యాండుకు డైపోల్ పొడవు సుమారు 10 మీటర్లు కాబట్టి మామూలు డాబా మీద రెండింటినీ కట్టుకోవచ్చు. ఏది ఏ దిక్కు చూస్తుందో కాగితం మీద రాసుకోవాలి. ఆ కాగితం లేకుండా స్విచ్చు తిప్పేవాడు గుడ్డిగా తిప్పుతున్నట్టే.

ఎత్తు సంగతి దిక్కుకన్నా పెద్దది. నేల నుంచి 10 మీటర్ల ఎత్తున కట్టిన డైపోల్ 14 మెగాహెర్ట్జ్‌కు అర తరంగం ఎత్తులో ఉన్నట్టు. అది నెత్తి మీదికి దాదాపు ఏమీ పంపదు, నేలకు 30 డిగ్రీల కోణంలో దూరదేశాల వైపు పంపుతుంది. అదే 10 మీటర్ల ఎత్తు 7 మెగాహెర్ట్జ్‌కు పావు తరంగమే. అక్కడ కట్టిన 20 మీటర్ల పొడవు తీగ బలమంతా నిటారుగా ఆకాశంలోకి పోతుంది. చాలామంది దీన్ని లోపం అనుకుని నిరుత్సాహపడతారు. నేను దీన్ని వరం అంటాను. పగటిపూట నిటారుగా వెళ్ళిన 7 మెగాహెర్ట్జ్ తరంగం అయనోస్ఫియర్ నుంచి తిరిగి మన చుట్టూ 300, 400 కిలోమీటర్ల మేర జల్లులా దిగుతుంది. మధ్యలో కొండలున్నా, తూర్పు కనుమలున్నా అడ్డు రావు. రాజమండ్రి, విశాఖ, విజయవాడ, హైదరాబాదు అన్నీ ఆ వలయంలోనే ఉన్నాయి. హ్యాములు దీన్ని ఎన్‌వీఐఎస్ అంటారు. రాత్రి ముదిరేకొద్దీ ఆకాశం ఆ నిటారు తరంగాన్ని వెనక్కి పంపడం మానేస్తుంది. దగ్గరివాళ్ళు మాయమై దూరం వాళ్ళు వినిపిస్తారు. అప్పుడు నేల మీద నిలువుగా నిలబెట్టిన వర్టికల్ యాంటెనా పనికొస్తుంది. దాని బలం తక్కువ కోణంలో అన్ని దిక్కులకూ పోతుంది కనుక.

కాబట్టి నా సలహా ఇది. 7 మెగాహెర్ట్జ్‌కు కొబ్బరిచెట్ల మధ్య ఒక ఇన్వర్టెడ్ వీ (మధ్య ఎత్తుగా, కొసలు కిందికి వాలేలా కట్టే డైపోల్), 14కు ఒకటో రెండో డైపోళ్ళు, వీలైతే ఒక వర్టికల్. ఇన్వర్టెడ్ వీ మరో మేలు కూడా చేస్తుంది. 7కు కోసిన తీగ దానికి మూడింతలైన 21 మెగాహెర్ట్జ్ దగ్గర కూడా పలుకుతుంది. కొత్త తీగ కట్టేముందు ఉన్న తీగ ఇంకెక్కడ పనికొస్తుందో చూసుకోవాలి. కొబ్బరిచెట్టుకు తీగను గట్టిగా బిగించవద్దు. గాలికి చెట్టు ఊగితే తీగ తెగుతుంది. కప్పీ మీదుగా తాడు వేసి కొసన బరువు వేలాడదీయండి. కరెంటు తీగల దరిదాపుల్లోకి, పడినా సరే తగిలేటంత దగ్గరికి, ఏ యాంటెనానూ తీసుకెళ్ళవద్దు.

స్విచ్చు చేసే పని

బల్ల మీద పెట్టే మామూలు స్విచ్చు ఒక లోహపు డబ్బా. వెనక ఒక సాకెట్టు రేడియోకు, రెండో నాలుగో సాకెట్లు యాంటెనాలకు, ముందు ఒక నాబ్. చౌకదీ ఖరీదైనదీ పైకి ఒకేలా కనిపిస్తాయి. తేడా లోపల ఉంటుంది. ఎంచుకోని సాకెట్లను ఆ డబ్బా ఏం చేస్తుందని అడగండి. మంచి స్విచ్చు వాటిని ఎర్తుకు కలిపేస్తుంది. నాసిరకంది గాలిలో వదిలేస్తుంది. చేలో నీళ్ళు పెట్టే రైతు ఒక మడవ తెరిచి, మిగతా మడవల్ని మట్టితో గట్టిగా మూస్తాడు. మూయడం సరిగ్గా లేకపోతే నీరు తెలియకుండా పక్క చేలోకి జారుతుంది. రేడియో తరంగం కూడా అలాగే జారుతుంది. ఎంత జారకుండా ఆపుతుందో డెసిబెల్స్‌లో రాస్తారు. 20 డెసిబెల్స్ మాత్రమే ఆపే స్విచ్చులో 50 వాట్లు పంపితే అర వాటు పక్క సాకెట్టులోకి పోతుంది. 60 డెసిబెల్స్ ఆపేదానిలో అది ఒక వాటులో ఇరవైవేలో వంతుకు తగ్గిపోతుంది.

ఒక్క రేడియోతో మాట్లాడుకునేవాడికి అర వాటు పోతే మునిగేదేముంది అని అడగవచ్చు. మాట్లాడడానికి మునిగేదేమీ లేదు. పోల్చి చూడడానికి మునుగుతుంది. వర్టికల్ మీదికి తిప్పి వింటున్నప్పుడు వినపడేది నిజంగా వర్టికల్‌దా, పక్క సాకెట్టు నుంచి జారిన డైపోల్‌దా తెలియదు. తీర్పు అక్కడే తప్పుతుంది.

అనుభవం మీద పట్టుబడే సంగతి ఒకటుంది. దగ్గరదగ్గరగా ఉన్న యాంటెనాల్లో వాడని దాన్ని ఎర్తు చేస్తే వాడుతున్నదాని ఎస్‌డబ్ల్యూఆర్, అంటే యాంటెనా పవరును ఎంత వెనక్కి తిప్పికొడుతోందో చెప్పే అంకె, కొద్దిగా మారవచ్చు. స్విచ్చు పెట్టాక ప్రతి యాంటెనాకూ ఎస్‌డబ్ల్యూఆర్ మళ్ళీ కొలిచి రాసుకోండి. విడిగా నేరుగా కలిపి కొలిచిన పాత అంకెలు ఇక లెక్కలోకి రావు. ట్యూనరు వాడేవాళ్ళు దాన్ని రేడియోకూ స్విచ్చుకూ మధ్య పెట్టి, ఏ యాంటెనాకు ట్యూనరు నాబ్‌లు ఎక్కడుండాలో ఒక చీటీ మీద రాసి ట్యూనరు నెత్తినే అతికించాలి.

నాలుగు సాకెట్లలో ఒకదాన్ని యాంటెనాకు ఇవ్వకండి. డమ్మీ లోడుకు ఇవ్వండి. అది 50 ఓమ్‌ల రెసిస్టరు, పంపిన పవరును వేడిగా మార్చేసుకుంటుంది. రేడియో సరిచూసుకునేటప్పుడు, మైకు పరీక్షించేటప్పుడు, పిల్లలకు చూపించేటప్పుడు ఆ స్థానంలో పెట్టుకుంటే గాలిలోకి అనవసరంగా ఒక్క అరుపు కూడా పోదు. ఆ బ్యాండులో వింటున్న పదిమంది పట్ల చూపే మర్యాద అది. కొత్తవాళ్ళు మొదటి యాంటెనాకన్నా ముందే డమ్మీ లోడు కొనుక్కోవాలని నా అభిప్రాయం.

వీహెచ్‌ఎఫ్‌ను ఈ స్విచ్చులో కలపవద్దు. 144 మెగాహెర్ట్జ్ దగ్గర మామూలు సాకెట్లు, చౌక కేబులు తేడా చేస్తాయి. ఆర్‌జీ-58 కేబులు 30 మీటర్లు వాడితే 7 మెగాహెర్ట్జ్‌లో ఐదో వంతు పవరు పోతుంది, అది ఓర్చుకోదగ్గది. 145లో అదే కేబులు నాలుగింట మూడు వంతులు మింగేస్తుంది. కింద 50 వాట్లు పంపితే పైన చేరేది 12 వాట్లు. వీహెచ్‌ఎఫ్ యాంటెనాకు మందపాటి కేబులు, విడి దారి. 10 మీటర్ల ఎత్తున్న రెండు యాంటెనాలు ఒకదాన్నొకటి 26 కిలోమీటర్ల దాకా చూసుకోగలవు కాబట్టి పెద్దాపురం నుంచి కాకినాడతో మాట్లాడడానికి అది చాలు, మెట్ట అడ్డం రాని ఇల్లయితే.

మాట ఆపి తిప్పాలి

50 ఓమ్‌ల మీద 50 వాట్లు అంటే 50 వోల్టులు, ఒక ఆంపియరు. చూడ్డానికి చిన్న అంకెలే. ప్రసారం జరుగుతుండగా నాబ్ తిప్పితే ఆ ఆంపియరు తెగే చోట నిప్పురవ్వ పుడుతుంది. కాంటాక్టు నల్లబడుతుంది. ఆ క్షణంలో రేడియోకు లోడే ఉండదు, వెళ్ళిన పవరంతా వెనక్కి వచ్చి ఆఖరి ట్రాన్సిస్టరు మీద పడుతుంది. ఒకటి రెండుసార్లు తట్టుకుంటుంది. రోజూ చేస్తే ఏదో ఒక రోజు పోతుంది. మాట ఆపడం చాలదు, మైకు మీట వదలాలి. మోర్స్‌లో పంపుతుంటే ఆఖరి చుక్క తరవాత లోపలి రిలే క్లిక్‌మనేదాకా ఆగాలి. మీట వదలడం, ఒక శ్వాస, నాబ్ తిప్పడం, ఒకసారి వినడం, అప్పుడు మళ్ళీ మీట. ఈ వరస చేతికి వచ్చేదాకా డమ్మీ లోడు మీద సాధన చేయండి.

ఈ ఒక్క శ్వాస విరామం యంత్రాన్ని కాపాడుతుంది, మనిషినీ మారుస్తుంది. పోటీలో ఉన్నప్పుడో, అరుదైన దేశం వినపడ్డప్పుడో చెయ్యి తొందరపడుతుంది. జవాబు రాకపోతే యాంటెనా మార్చు, మళ్ళీ రాకపోతే మళ్ళీ మార్చు అని మనసు తరుముతుంది. ఆగి వింటే అవతలివాడు అప్పుడే వేరేవాళ్ళకు జవాబిస్తున్నాడని తెలుస్తుంది. అలాంటప్పుడు మార్చాల్సింది యాంటెనా కాదు, మనం పిలిచే అదను.

యాంటెనాలు రేడియో గదికి దూరంగా ఉంటే ప్రతిదానికీ ఒక కేబులు లాగడం ఖర్చు. అప్పుడు స్విచ్చును స్తంభం మొదట్లోకి పంపాలి. ఒక ప్లాస్టిక్ జంక్షన్ బాక్సు, అందులో 12 వోల్టుల రిలేలు, గది నుంచి ఒకే కోయాక్స్, పక్కన ఒక ఇంటర్నెట్ కేబులు. ఆ సన్నటి తీగలు 30 మీటర్లున్నా రిలేకు చేరే వోల్టేజీలో తేడా పెద్దగా రాదు. ప్రతి రిలే కాయిల్‌కూ అడ్డంగా ఒక 1ఎన్4007 డయోడు, ప్రతి కంట్రోల్ తీగ నుంచి ఎర్తుకు 0.01 మైక్రోఫారడ్ కెపాసిటరు పెట్టండి. మొదటిది కాయిల్ ఆగినప్పుడు పుట్టే వోల్టేజీ పోటును మింగుతుంది. రెండోది మన ప్రసారం కంట్రోల్ తీగల మీదుగా గదిలోకి రాకుండా చూస్తుంది. బాక్సు అడుగున చిన్న రంధ్రం ఉంచండి. మన గాలిలో తేమ ఎక్కువ, ఎంత మూసినా లోపల చెమ్మ పడుతుంది. అది కారిపోవడానికి దారి కావాలి. ఆ రంధ్రానికి సన్నటి జాలీ తప్పనిసరి. చీమలు రిలేల మధ్య గూడు కట్టడం మన వైపు మామూలే.

చెవితో తీర్పు

ఏ యాంటెనా మంచిదని అడిగితే చాలామంది ఎస్ మీటరు ముల్లు చూసి చెబుతారు. నాకు ఆ జవాబు మీద నమ్మకం లేదు. ఒక ఉదాహరణ తీసుకోండి. వర్టికల్ మీద అవతలి గొంతు ఎస్8, రొద ఎస్7. డైపోల్ మీదికి తిప్పితే గొంతు ఎస్6కు పడిపోయింది, రొద మాత్రం ఎస్3కు దిగింది. ముల్లును నమ్మినవాడు వర్టికల్ మీదే ఉండిపోతాడు. చెవిని నమ్మినవాడికి డైపోల్ మీద ప్రతి మాటా అర్థమవుతుంది, ఎందుకంటే అక్కడ గొంతు రొదకన్నా మూడు మెట్లు పైన ఉంది. ఒక్కో మెట్టూ 6 డెసిబెల్స్, అంటే పవరులో నాలుగింతలు. ఊళ్ళో రొదకు కొదవ లేదు. చౌక ఎల్ఈడీ అడాప్టర్లు, ఇన్వర్టర్లు, స్తంభం మీద పగిలిన ఇన్సులేటర్లు అన్నీ అరుస్తుంటాయి. ఆషాఢంలో మరిడమ్మ తల్లి జాతరకు ఊరు సీరియల్ సెట్లతో వెలిగే రాత్రుల్లో వర్టికల్ మీద వినడం కష్టమవుతుంది. నిలువు యాంటెనా ఊరి రొదను అడ్డ తీగకన్నా ఎక్కువగా పట్టుకుంటుంది మరి.

సంకేతం నిలకడగా ఉండదు. ఒకే గొంతు కొన్ని క్షణాల్లోనే ఎస్9 నుంచి ఎస్5కు దిగి మళ్ళీ లేస్తుంది. దిగే క్షణంలో యాంటెనా మార్చి, లేచిన గొంతు విని, ఈ రెండోదే మేలు అని రాసుకునేవాళ్ళు ఎందరో. తీరిగ్గా మాట్లాడే స్టేషన్‌ను ఒకదాన్ని పట్టుకుని, ఒక్కో యాంటెనా మీద కాసేపు వింటూ, అటూ ఇటూ పదిసార్లయినా తిప్పి, అప్పుడు రాసుకోండి. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి వేరువేరుగా రాయండి. ఒక రుతువు లెక్క ఇంకో రుతువుకు పనికిరాదు.

మనం ఎలా వినపడుతున్నామో తెలుసుకోవడానికి డబ్ల్యూఎస్‌పీఆర్ అనే పద్ధతి ఉంది. భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న జో టేలర్, కే1జేటీ, 2008లో దీన్ని తెచ్చారు. రెండు నిమిషాలకొక విడత చొప్పున మన కాల్‌సైన్ అతి తక్కువ పవరుతో వెళుతుంది. ప్రపంచంలో ఎక్కడెక్కడ ఎన్ని డెసిబెల్స్‌తో వినపడిందో కంప్యూటరు చూపిస్తుంది. మీ లైసెన్సు ఈ రకం ప్రసారానికి ఒప్పుకుంటుందో లేదో చూసుకుని, ఒక విడత ఒక యాంటెనా మీద, మరుసటి విడత రెండోదాని మీద పంపండి. కొన్ని గంటలు అలా సాగితే మీ ఇష్టానిష్టాలతో పనిలేని తీర్పు చేతికొస్తుంది. మీరు ముచ్చటపడి కట్టిన యాంటెనా ఓడిపోవచ్చు. ఆ తీర్పును ఒప్పుకోవడం ఈ చదువులో భాగం.

వినడానికీ పంపడానికీ ఒకే యాంటెనా ఉండాలన్న నియమం లేదు. 1921 డిసెంబరులో అమెరికా హ్యాముల సంఘం ఏఆర్‌ఆర్‌ఎల్ తమ సంకేతాలు అట్లాంటిక్ దాటుతున్నాయో లేదో తేల్చమని పాల్ గాడ్లీని స్కాట్లండ్‌లోని ఆర్డ్రోసాన్‌కు పంపింది. ఆయన సముద్రపు ఒడ్డున గుడారం వేసుకుని, నేలకు తక్కువ ఎత్తులో 1,300 అడుగుల పొడవున ఒకే తీగ చాచి కూర్చున్నాడు. హెరాల్డ్ బెవరేజ్ కనిపెట్టిన ఆ తీగ పంపడానికి ఏమాత్రం పనికిరాదు. వినడంలో మాత్రం ఒక్క దిక్కు నుంచి వచ్చేదాన్ని పట్టి మిగతా రొదను వదిలేస్తుంది. అమెరికా హ్యాములు ఆ తీగ మీదే ఆయనకు వినపడ్డారు. మన వైపు కోతలయ్యాక ఖాళీగా పడి ఉండే వరిచేల గట్ల మీద అంత తీగ చాచే వీలు ఎన్నో పట్టణాల హ్యాములకు దొరకని భాగ్యం. రైతును అడిగి, పశువులకు తగలని ఎత్తున కట్టి, ఒక చలికాలమైనా ప్రయత్నించండి. రేడియోకు వినడానికి మాత్రమే విడి సాకెట్టు ఉంటే దానికి కలపండి. లేకపోతే మైకు మీట నొక్కగానే రేడియోను పంపే యాంటెనాకు మార్చే రిలే పెట్టాలి. బెవరేజ్ తీగ మీద పొరపాటున కూడా ప్రసారం జరగకుండా ఆ రిలే చూడాలి.

అసలు మార్చకూడని సందర్భమూ ఉంది. 2005 మే 5న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ సీ6 మోసుకెళ్ళిన హ్యాముల ఉపగ్రహం హామ్‌శాట్ ద్వారా మాట్లాడినవాళ్ళకు అది తెలుసు. ఒక బ్యాండులో పంపుతూ అదే సమయంలో ఇంకో బ్యాండులో మన గొంతు మనమే వింటూ ఉండాలి. రెండు యాంటెనాలూ ఏకకాలంలో పనిచేయాలి, మధ్యలో స్విచ్చుకు చోటు లేదు.

వదిలిపెట్టే స్థానం

ఇప్పుడు మొదట వాయిదా వేసిన సంగతికి వస్తాను. వేసవి మధ్యాహ్నాల్లో ఈదురుగాలి లేచి, ఉరుములు మొదలైతే చాలామంది స్విచ్చును ఎర్తు స్థానంలో పెట్టి నిశ్చింతగా లేచిపోతారు. ఆ నిశ్చింతకు ఆధారం లేదు. కిలోమీటర్ల కొద్దీ గాలిని చీల్చుకుని వచ్చిన పిడుగుకు స్విచ్చు లోపలి రెండు మిల్లీమీటర్ల సందు అడ్డం కాదు. ఎర్తు స్థానం దూరపు మెరుపుల వల్ల తీగలో పేరుకునే విద్యుత్తును దించుతుంది, అంతవరకే. ఉరుము వినపడకముందే, ఆకాశం నల్లబడుతుండగానే, విపత్తు నిర్వహణ సంస్థ నుంచి ఫోనుకు హెచ్చరిక వచ్చిన వెంటనే, కోయాక్స్‌లన్నీ విప్పి కిటికీ బయటకు పంపి ఎర్తు కడ్డీకి తగిలించాలి. ఉరుము మొదలయ్యాక కేబులు ముట్టుకోవద్దు.

తుఫాను వేరు. 1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుఫాను కోనసీమ కొబ్బరితోటల్ని నేలమట్టం చేసింది, వెయ్యిమందికి పైగా చనిపోయారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు కరెంటూ సెల్‌ఫోన్లూ కలిసి పోయాయి. 2018 డిసెంబరు 17న పెథాయ్ కాట్రేనికోన దగ్గర తీరం దాటింది. ఇలాంటి రోజు గాలి తగ్గాక మిగిలేది బ్యాటరీ, రేడియో, పడకుండా నిలిచిన ఏదో ఒక తీగ.

2004 డిసెంబరులో హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్, వీయూ2ఆర్‌బీఐ, ఒక బృందంతో పోర్ట్‌బ్లెయిర్ వెళ్ళారు. చాలా ఏళ్ళుగా హ్యాముల గొంతు వినపడని అండమాన్ నుంచి వీయూ4ఆర్‌బీఐ అనే కాల్‌సైన్‌తో ప్రపంచానికి జవాబులివ్వడం వాళ్ళ పని. 26వ తేదీ ఉదయం భూమి కంపించి సునామీ వచ్చింది. అంతవరకు సరదాగా సాగిన స్టేషన్ ఆ రోజు నుంచి ద్వీపాల క్షేమసమాచారాలు ప్రధాన భూభాగానికి చేర్చే దారిగా మారింది. వాళ్ళ యాంటెనాలు ముందే కట్టి, సరిచూసి, అన్ని దూరాలకూ వాడి ఉన్నాయి. కొత్తగా ఎంచుకోవలసింది లేదు, పనిని మార్చుకోవడమే మిగిలింది. పెద్దాపురంలో కూర్చుని పోర్ట్‌బ్లెయిర్ వినాలంటే పగటిపూట 7 మెగాహెర్ట్జ్ ఇన్వర్టెడ్ వీ ఉపయోగపడదు, ఆగ్నేయం చూసే 14 మెగాహెర్ట్జ్ డైపోల్ కావాలి. హైదరాబాదుకు వార్త చేరవేయాలంటే అదే పగటిపూట ఇన్వర్టెడ్ వీ కావాలి. ఈ రెండు వాక్యాలూ ఆపద వచ్చాక గుర్తుచేసుకునేవి కాకూడదు.

రిలే బాక్సు పెట్టినవాళ్ళు ఇక్కడ ఒక నిర్ణయం తీసుకోవాలి. కరెంటు పోయి కంట్రోల్ తీగలకు 12 వోల్టులు అందనప్పుడు రిలేలు ఏ యాంటెనాను కలిపి ఉంచుతాయి? చాలా బాక్సుల్లో అన్నీ ఎర్తు అయ్యేలా కడతారు. మామూలు రోజులకు అది మంచిదే. మన తీరంలో నేను అలా కట్టవద్దంటాను. 7 మెగాహెర్ట్జ్ ఇన్వర్టెడ్ వీని రిలే శక్తి లేకుండానే కలిసి ఉండే కాంటాక్టుకు ఇవ్వండి. కంట్రోల్ కేబులు తెగినా, బ్యాటరీ నీరసించినా, బాక్సులో నీళ్ళు చేరినా ఆ ఒక్క తీగ రేడియోతోనే ఉంటుంది. రిలే పట్టుకోవడానికి ఖర్చయ్యే కరెంటు కూడా మిగులుతుంది. పిడుగు భయానికి ఎలాగూ కోయాక్స్ విప్పుతున్నాం కాబట్టి ఎర్తు లేకపోవడం వల్ల పోయేదేమీ లేదు. బల్ల మీది మామూలు స్విచ్చు వాడేవాళ్ళు రోజూ లేచేటప్పుడు నాబ్‌ను అదే తీగ మీద వదలండి, కోయాక్స్ విప్పే పని విడిగా చేయండి.

నెలకొకసారి ఇంటి మెయిన్ ఆపి, గదిలో దీపం లేకుండా, బ్యాటరీ మీద రేడియో వేసి హైదరాబాదుతోనో విశాఖతోనో ఒక్క మాట మాట్లాడండి. నాబ్ ఏ వైపు ఉందో చీకట్లో వేలికి తెలియాలి. తెలియకపోతే నాబ్ మొన మీద ఒక చుక్క జిగురు గడ్డకట్టించండి. ఇంట్లో రేడియో తెలిసిన రెండో మనిషి ఉంటే ఒక నెల మీరు, ఒక నెల వాళ్ళు. జవాబు రాని నెల వస్తే రేడియోను తిట్టుకోకుండా ముందు డమ్మీ లోడు మీదికి తిప్పి పవరు వస్తోందేమో చూడండి. వస్తుంటే రేడియో బాగున్నట్టే. అప్పుడు డాబా ఎక్కి బాక్సు మూత తీయండి. చీమలు, తుప్పుపట్టిన స్క్రూ, వదులైన ప్లగ్గు అనే వరసలో వెతకండి. దొరికిన లోపం, బాగుచేసిన తేదీ రెండూ దిక్కులు రాసుకున్న కాగితం వెనకే రాసిపెట్టండి.